వలెట్టాలో జగిత్యాల ఖిల్లా

వలెట్టాలోకి అడుగు పెట్టాలంటే ముందు కందకం దాటాలి. వంతెన మీద నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఈ కందకంలో నీళ్లు లేవు. కొండరాతిని నిలువునా తొలుచుకుంటూ ఈ పక్క సముద్రం నుంచి ఆ పక్క సముద్రం దాకా పోయారు. తవ్వి తీసిన రాయిని వృథాగా పోనివ్వలేదు, దానితోనే పైన గోడలు లేపారు. అందుకే కందకం గోడదీ, కోట గోడదీ, లోపల వీధిలో ఇంటి గోడదీ ఒకటే రంగు. పొద్దుటి ఎండ పడితే అంతా తేనె రంగుకు తిరుగుతుంది.

నా పక్కన నిలబడ్డ కోరుట్ల తమ్ముడు కోటగోడ మూలను వేలితో చూపించాడు. "అన్నా, ఆ మూల జూడు. మన జగిత్యాల ఖిల్లా మూల అచ్చం గిట్లనే ఉంటది."

అవును. ముందుకు పొడుచుకొచ్చి, కొసదేరి, వాలుగా కిందికి దిగిన రాతి మూల. చిన్నప్పుడు జగిత్యాల ఖిల్లా గోడ మీద కూర్చుని కాళ్లాడించిన వాళ్లెవరికైనా ఆ మూల తెలుసు. ఆరు వేల కిలోమీటర్లకు పైగా అవతల, మధ్యధరా సముద్రం నడుమ మాల్టా అనే రాతి దీవిలో అది మళ్లీ ఎదురైంది. ఆ తరువాత వలెట్టాలో నేనేం చూసినా నా కన్ను ఆ మూల వెంబడే పోయింది.

మాల్టా దేశమంతా కలిపి 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ మహానగరంలో సగం కూడా రాదు. ఇటు ఇటలీకి చెందిన సిసిలీ, అటు లిబియా, ట్యునీషియా. తూర్పు మధ్యధరా నుంచి పడమటి మధ్యధరాకు పోయే ఓడలు చాలావరకు ఈ దీవుల పక్క నుంచే పోతాయి. కాబట్టి ఫినీషియన్లు, రోమన్లు, అరబ్బులు, నార్మన్లు, నైట్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు అందరూ వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. వలెట్టా ఈ దేశపు రాజధాని. ఒక చదరపు కిలోమీటరు కూడా లేని ఊరు. రెండు లోతైన రేవుల మధ్య సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాతి గుట్ట మీద ఉంది. 1980లో యునెస్కో ఊరు మొత్తాన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరు పుట్టింది ఒక ముట్టడి వల్ల. 1565 మన దక్కనుకు కూడా మరువరాని ఏడు. ఆ జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం కూలింది. అదే ఏడు మే నెలలో ఆటోమన్ సుల్తాన్ సులేమాన్ సేన మాల్టా మీదికొచ్చింది. దీవిని ఏలుతున్న క్రైస్తవ యోధులు, సెయింట్ జాన్ నైట్లు, కొన్ని వందలమందే. వాళ్లకు తోడు స్థానికులు, కిరాయి సిపాయిలు కొన్ని వేలమంది. గుట్ట కొసన ఉన్న సెయింట్ ఎల్మో కోట ఒక్కటే దాదాపు నెల రోజులు నిలబడి జూన్ 23న పడింది. సెప్టెంబరు వచ్చేసరికి రోగాలతో, నష్టాలతో నీరసించిన ముట్టడిసేన సిసిలీ నుంచి సాయం దిగడంతో ఓడలెక్కింది. నైట్ల పెద్ద జాన్ ద వాలెట్ వెంటనే పని మొదలుపెట్టాడు. సేన మళ్లీ వస్తుందన్న భయంతోనే 1566 మార్చి 28న ఆ బోడి గుట్ట మీద కొత్త ఊరికి పునాదిరాయి వేశాడు. ఊరికి ఆయన పేరే మిగిలింది. గీత గీసిన ఇంజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి. పోప్ పంపిన ఇటలీవాడు. కట్టి నిలబెట్టినవాడు మాల్టాలోనే పుట్టిన జెరోలామో కస్సార్.

ఆ మూల సంగతి ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. ఫిరంగి రాక ముందు కోటగోడ ఎంత ఎత్తైతే అంత బలం. నిచ్చెన అందకూడదు, అంతే. ఫిరంగి వచ్చాక ఆ ఎత్తే ప్రాణం మీదికి తెచ్చింది. ఎత్తైన పల్చటి గోడ గుండు తగిలితే నిలువునా కూలుతుంది. గుండ్రటి బురుజుతో ఇంకో చిక్కు. దాని ముందు, సరిగ్గా మొదట్లో, ఎటు నుంచి కాల్చినా గుండు పడని చాటు ఒకటి మిగిలిపోతుంది. శత్రువు ఎలాగో అక్కడికి చేరాడంటే పైనున్నవాడికి కనపడడు. నింపాదిగా గోడ కింద సొరంగం తవ్వి మందుగుండు పెడతాడు. పదిహేనో శతాబ్దం చివర ఇటలీ ఇంజనీర్లు దీనికి మందు కనిపెట్టారు. గోడను కిందికి దించారు, మందం పెంచారు, వెనక మట్టి నింపారు. గుండ్రటి బురుజు తీసేసి బాణం ములికి ఆకారంలో కోణాల బురుజు పెట్టారు. ఒక బురుజు మీది ఫిరంగి పక్క బురుజు ముఖం పొడవునా గీత గీసినట్టు కాల్చగలదు. చాటనేదే ఉండదు. పైనుంచి చూస్తే కోట నక్షత్రంలా కనిపించడం ఆ లెక్క వల్ల వచ్చిందే తప్ప సింగారం కోసం చేసింది కాదు.

ఈ విద్య ఇటలీ నుంచి ఫ్రాన్సుకు పోయి, పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీరు వోబాన్ చేతుల్లో పదునెక్కింది. ఫ్రెంచి ఓడల వెంట మన తీరానికి వచ్చింది. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లు కట్టిన ఫోర్ట్ లూయీ అయిదు కోణాల కోట. 1761లో ఇంగ్లీషువాళ్లు దాన్ని నేలమట్టం చేశారు. మచిలీపట్నం బందరు కోటను ఫ్రెంచివాళ్లు బలపరిచారు, 1759లో అదీ పోయింది. తీరానికి ఎంతో దూరాన, గోదావరికి ఇవతల మా జగిత్యాలలో మాత్రం నక్షత్రం ఇంకా నిలబడి ఉంది. 1747లో ఎలగందుల సర్దారు ఇబ్రహీం ఖాన్ ధంసా, బిరుదు జఫరుద్దౌలా, ఫ్రెంచి ఇంజనీర్ల చేత దాన్ని కట్టించాడు. డూప్లే పుదుచ్చేరి గవర్నరుగా ఉన్న రోజులవి. ఆ ముందటేడే ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదుకు చేరడానికి ఇంకా నాలుగేళ్లుంది.

ఎలగందుల కోటకు కొండ ఉంది. రామగిరికి కొండ ఉంది. గోలకొండ పేరులోనే కొండ ఉంది. జగిత్యాలకు కొండ లేదు. చదును నేల మీద, కొండ ఆసరా లేకుండా, పూర్తిగా లెక్కను నమ్ముకుని కట్టిన కోట అది. రాయి, గచ్చు సున్నం, చుట్టూ వెడల్పాటి నీళ్ల కందకం. గోడ ఎత్తు చూసి మా చిన్నప్పుడు పెద్దవాళ్లు "ఇదేం ఖిల్లారా, గింత పొట్టిగున్నది" అనేవాళ్లు. పొట్టిగా ఉండడంలోనే దాని తెలివంతా ఉందని ఈ వంతెన మీద నిలబడితే బోధపడుతుంది.

కోరుట్ల తమ్ముడు మాల్టాలో బస్సు నడుపుతాడు. మాకు దూరపు చుట్టం. ఆ రోజు సెలవు కావడంతో నా వెంట వచ్చాడు. హైదరాబాద్ నుంచి మాల్టాకు నేరుగా విమానం లేదు. దుబాయ్ లాంటి చోట దిగి విమానం మారాలి. నేనెక్కిన దుబాయ్ విమానంలో సగం మంది జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు వాళ్లే. భుజాన చిన్న సంచి, చేతిలో పాస్‌పోర్టు, జేబులో ఒక ఫోన్ నంబరు రాసిన కాగితం. దుబాయ్‌లో దిగి వాళ్లు ఒక దారిన పోయారు, నేనొక దారిన పోయాను. తమ్ముడూ మొదట దుబాయ్‌కే పోయాడు. "దుబాయిల స్టీరింగు ఎడమ దిక్కు. ఇక్కడ కుడి దిక్కు, మన లెక్కనే. ఇంగ్లీషోళ్లు ఏలిండ్రు గద. మళ్ల మన దిక్కు నేర్చుకున్న అన్నా." వాళ్లమ్మ కోరుట్లలో బీడీలు చేస్తుంది. "అమ్మకు మాల్టా అంటే ఎర్కలే. దుబాయి అవుతల అని చెప్పిన."

దర్వాజ దాటితే రిపబ్లిక్ వీధి. ఊరి పొడవునా చివరి సెయింట్ ఎల్మో కోట దాకా తిన్నగా పోతుంది. మిగతా వీధుల్లో కొన్ని దాని వెంబడే పోతాయి, కొన్ని దాన్ని అడ్డంగా కోస్తాయి. సముద్రపు గాలి ఊరంతా తిరగాలని అలా గీశారంటారు. అడ్డ వీధులు ఏటవాలుగా దిగి సముద్రంలో ముగుస్తాయి, చాలాచోట్ల మెట్లే. ఇళ్ల ముందు రంగులేసిన చెక్క గవాక్షాలు వీధి మీదికి వేలాడుతుంటాయి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం. వాటిలో కూర్చుని ముసలమ్మలు కింద పోయేవాళ్లను చూస్తుంటారు. ఊరు కట్టేటప్పుడు పెట్టిన నియమాల్లో నాకు బాగా నచ్చిందొకటి ఉంది. ప్రతి ఇంటి కింద వాననీటి తొట్టి తవ్వి తీరాలి. ఈ దీవిలో నది లేదు. ముట్టడి వస్తే ఊరు దాహంతో చావకూడదు. మిద్దె మీద పడ్డ ప్రతి చుక్కా గొట్టాల వెంట దిగి ఇంటి కిందికి చేరుతుంది. గోదావరి ఒడ్డున పుట్టినవాణ్ణి నేను. నాలుగున్నర శతాబ్దాల కిందటి ఆ చట్టానికి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సెయింట్ జాన్ కో-కేథడ్రల్ బయటి నుంచి చూస్తే ఏదో సైన్యపు గిడ్డంగి. కస్సార్ కోటలు కట్టే మనిషి, చర్చినీ అలాగే కట్టాడు. 1570ల్లో కొద్ది ఏళ్లలోనే పూర్తయింది. లోపలికి అడుగు పెడితే గోడ నుంచి కప్పు దాకా బంగారు పూత. నేలంతా రంగురాళ్లు పొదిగిన నైట్ల సమాధి పలకలు. దాదాపు 400. ఒక్కో పలక మీద వంశ చిహ్నాలు, దేవదూతలు, కొడవలి పట్టిన అస్థిపంజరాలు. ఆ పలకలు దెబ్బతినకూడదని సన్న మడమల చెప్పులతో లోపలికి రానివ్వరు. ఆదివారం యాత్రికులకు సెలవు, అది చూసుకుని పోవాలి.

పక్క గదిలో ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో వేసిన బాప్టిస్టు యోహాను శిరచ్ఛేదం ఉంది. గోడ వెడల్పంత చిత్రం, ఆయన వేసినవాటిలోకెల్లా పెద్దది. చిత్రంలో సగానికి పైగా ఖాళీ చీకటి. ఒక మూల చెరసాల ముంగిట్లో నేల మీద పడ్డ మనిషి, ఆయన మీదికి వంగి వెనక నుంచి చిన్న కత్తి తీస్తున్న తలారి, తల కోసం పళ్లెం పట్టుకున్న పడుచు, చెంపలకు చేతులు పెట్టుకున్న ముసలామె. గొంతు నుంచి నేల మీదికి కారిన నెత్తురులోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే. రోములో మనిషిని చంపి పారిపోయి 1607లో ఇక్కడికొచ్చాడు. మరుసటేడు నైటయ్యాడు. ఇంకో గొడవలో జైలు పాలై తాళ్ల మీద తప్పించుకున్నాడని చెబుతారు. ఆ డిసెంబరులో నైట్లు కూడి ఆయన్ను వెలివేసింది ఈ గదిలోనే, ఈ చిత్రం ముందే. జనం వస్తారు, ఫోన్ ఎత్తుతారు, పోతారు. మీరు మాత్రం ఒక అరగంట అక్కడ కూర్చోండి. ఆ చీకటిలో కిటికీ ఊచల వెనక నుంచి తొంగి చూస్తున్న ఇద్దరు ఖైదీలు నెమ్మదిగా కనబడతారు.

పన్నెండు కొట్టేముందు అప్పర్ బరక్కా తోటకు చేరాలి. కింద వరసగా ఫిరంగులు. వెనకటి బ్రిటిష్ ఫిరంగిదళం దుస్తుల్లో మనుషులు నడుచుకుంటూ వచ్చి ఒకదాన్ని సిద్ధం చేస్తారు. ఒకడు గడియారం చూస్తాడు. ఒకడు తాడు పట్టుకుని చేయి బిగబట్టి నిలబడతాడు. పన్నెండు. ముందు మంట కనబడుతుంది, తరువాత దెబ్బ గుండెల్లో పడుతుంది. తెల్లటి పొగ తోట గోడ దాటి గ్రాండ్ హార్బర్ మీదికి సాగిపోతుంది. ఎదుటి ఒడ్డున బిర్గు, సెంగ్లియా కోటల గోడలు దాన్ని తిరిగి పలుకుతాయి. ఇది తమాషా కోసం పుట్టిన ఆచారం కాదు. రేవులో నిలిచిన ఓడలు తమ గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టింది. ఆ గడియారం సరిగ్గా లేకపోతే నడి సముద్రంలో ఓడ తానెక్కడుందో లెక్క కట్టలేదు. సాయంత్రం నాలుగుకు మళ్లీ పేలుస్తారు.

మా ఖిల్లాలోనూ ఫిరంగులున్నాయి. మేం పిల్లలప్పుడు గుర్రమెక్కినట్టు వాటి మీద కూర్చునేవాళ్లం.

తోట నుంచి లిఫ్టులో రేవుకు దిగి పడవెక్కితే బిర్గు. పాత ముట్టడిని నిజంగా కాచిన ఊరు అదే. రేవు నడుమ నుంచి వెనక్కి చూసినప్పుడు వలెట్టా మొత్తం ఒకేసారి కనపడుతుంది. నీళ్లలోంచి నేరుగా లేచిన గోడలు, వాటి మీద మెట్లు మెట్లుగా ఇళ్లు, గోపురాలు. ఇంత కోట కట్టుకున్న నైట్లు 1798 జూన్‌లో నెపోలియన్ ఓడలొస్తే దాదాపు పోరాడకుండానే అప్పజెప్పారు. కోటను కాచేది గోడ కాదు, లోపలి మనుషులన్నమాట. మూడు నెలలకే మాల్టా ప్రజలు తిరగబడి ఆ ఫ్రెంచివాళ్లను ఇదే గోడల వెనక బంధించారు. 1800 సెప్టెంబరులో తిండి లేక ఫ్రెంచివాళ్లు దిగొచ్చారు, దీవి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. అదే 1798లో హైదరాబాదులో నిజాం ఫ్రెంచి పటాలం నాయకుడు రేమండ్ చనిపోయాడు. ఆ పటాలాన్ని ఇంగ్లీషువాళ్లు నిరాయుధం చేశారు. ఇక్కడా అక్కడా ఒకే పోరు నడిచింది. 1878లో రష్యాను బెదిరించడానికి ఇంగ్లీషువాళ్లు దాదాపు ఏడు వేలమంది భారత సిపాయిలను ఓడలెక్కించి మాల్టాలో దింపారు. వాళ్లలో మద్రాసు సాపర్లూ ఉన్నారు. తమ్ముడి కంటే ముందు ఈ గోడల కింద మనవాళ్లు గుడారాలు వేసుకున్నారు.

మధ్యాహ్నం పాస్తిజ్జీ తిన్నాం. పొరలు పొరలుగా ఉండే సమోసా జాతి. లోపల జున్ను ఒకరకం, బటానీ ముద్ద ఒకరకం. తింటూ తమ్ముడు తన సంగతి చెప్పాడు. పర్మిటు కంపెనీ పేరు మీదే ఉంటుంది. కంపెనీ వదిలితే కథ మళ్లీ మొదటికే. ఒక ఇంట్లో ఎనిమిదిమంది ఉంటారు. వచ్చేటప్పుడు ఏజెంటుకు కట్టిన అప్పు మొన్ననే తీరింది. యాత్రికులు వలెట్టా రాళ్లను చూసి పోతారు. ఆ యాత్రికులను ఇక్కడికి మోసుకొచ్చే బస్సు స్టీరింగు కోరుట్ల పిల్లవాడి చేతిలో ఉంది. వలెట్టా గురించి రాసి ఇది రాయకపోతే సగమే రాసినట్టు.

ఒక దుకాణంలో మాల్టాకే చెందిన గోజో దీవి నేతబట్ట చూసినప్పుడు సిరిసిల్ల మనసులో మెదిలింది. పద్దెనిమిదో శతాబ్దంలో మాల్టా బతికింది పత్తి మీద. ఇంటింటా ఆడవాళ్లు నూలు వడికేవాళ్లు, ఓడలు దాన్ని స్పెయిన్‌కు మోసేవి. స్పెయిన్ తలుపులు మూసుకున్నాక, ఈజిప్టు, అమెరికా పత్తి పోటీకి వచ్చాక ఆ పని మెల్లగా పోయింది. ఇప్పుడు నేత యాత్రికుల జ్ఞాపిక. సిరిసిల్లలో మగ్గం చప్పుడు ఇంకా వినబడుతోంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్ ఆ ఊరివాళ్లే. 2017 నుంచి ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్లు వేల మరమగ్గాలను ఆడించింది. ఆర్డరు ఆగిన ప్రతిసారీ ఆ ఊళ్లో గుండె గతుక్కుమంటుంది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడ్డ నేత ఏమవుతుందో మాల్టా చరిత్ర చూపిస్తుంది. సిరిసిల్ల గురించి ఆలోచించేవాళ్లు ఆ చరిత్ర చదవాలి.

సాయంత్రం తిరిగొస్తూ దర్వాజ పక్కనే పాత ఒపెరా హౌస్ ముందు ఆగాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 7న బాంబు పడి కూలింది. ఆ యుద్ధంలో మాల్టా మీద పడ్డ బాంబులకు లెక్కలేదు. దీవి మొత్తానికీ బ్రిటిష్ రాజు జార్జ్ క్రాస్ పతకం ఇచ్చాడు. కూలిన స్తంభాల మొదళ్లు దశాబ్దాలపాటు అలాగే ఉన్నాయి. రెంజో పియానో అనే ఇటలీ వాస్తుశిల్పి వచ్చి వాటిని కదపకుండా, వాటి మధ్యనే ఆరుబయలు నాటకశాల పెట్టాడు. కొంతమందికి అది నచ్చలేదు. నాకు నచ్చింది. విరిగిన రాయిని దాచకుండా, పారెయ్యకుండా వాడుకలోకి తెచ్చారు.

వలెట్టా సొమ్ము మనకు లేదనే మాట ఒప్పుకోను. నేను చూసిన మేలైన పనులకు పెద్ద సొమ్ము అక్కర్లేదు. కందకంలోకి చెత్త వెయ్యనివ్వరు. గోడ పగుల్లో మొక్క మొలిస్తే వేరు దిగక ముందే పీకేస్తారు. ప్రతి బురుజు దగ్గరా వాళ్ల భాషలో, ఇంగ్లీషులో ఒక పలక పెట్టి ఇది ఎందుకిలా ఉందో నాలుగు మాటల్లో చెబుతారు. బడి పిల్లలను వరసగట్టి తీసుకొచ్చి చూపిస్తారు. జగిత్యాలలో పంద్రాగస్టుకు, రిపబ్లిక్ డేకు జెండా ఎగిరేది ఖిల్లాలోనే. ఆ రోజు ఊరంతా అక్కడికి వస్తుంది. అంటే ఖిల్లాను మేం మరిచిపోలేదు. అది ఎంత అరుదైనదో మాకెవరూ చెప్పలేదు, అంతే. పుదుచ్చేరిలో పోయిన రూపం మా ఊళ్లో నిలిచి ఉంది.

మున్సిపాలిటీకీ, వారసత్వ శాఖకూ నా విన్నపం ఇది. గోడల్లో వేళ్లు దిగుతున్న రావి, మర్రి మొక్కలు తీయించండి. కందకాన్ని కందకంగా ఉండనివ్వండి, దాన్ని పూడ్చి దారి చేసే ఆలోచన ఎవరికి వచ్చినా ఆపండి. కొలతలతో కోట పటం గీయించి, దర్వాజ దగ్గర తెలుగులో, ఉర్దూలో పలక పెట్టండి. ఊరి టీచర్లు గణితం క్లాసు ఒకటి ఖిల్లా గోడ మీద చెప్పాలి. కోణాలు నేర్పడానికి అంతకు మించిన నల్లబల్ల జిల్లాలో లేదు. ఇక కరీంనగర్ నుంచి కొండగట్టు మీదుగా ధర్మపురి పోయే యాత్రికులారా, జగిత్యాల మీ దారిలోనే ఉంది. ఒక పూట దిగండి, ఖిల్లా చుట్టూ ఒక్కసారి నడిచి పొండి.